కూత ఒకనిది – పట్టు ఏడుగురిది

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాలకు గాని, వనపర్తికి గాని, నల్లమల అంచుననున్న కొల్లాపురానికి గాని అవధానులు వస్తున్నారంటే, సంస్థానాల కాలంలో పండితగోష్ఠులలో ముందుగానే చర్చ మొదలయ్యేది. వచ్చేవారి ధారణ ఎట్టిది, సమస్య నిచ్చేవారెవరు, అప్రస్తుత ప్రసంగం ఎవరికి అప్పగించినారు అని సభ తీరకమునుపే తర్కించుకునేవారు. తిరుపతి వేంకటకవులవంటి ఉద్దండులు అడుగుపెట్టిన నేల యిది. ఇట్టి నేలమీద ముందస్తు విమర్శ కొక సంప్రదాయం ఏర్పడడంలో వింత లేదు.

నేడు ఆ సంస్థానాలు లేవు. 2016 అక్టోబరు 11న పాత మహబూబునగరు జిల్లా విడిపోయినప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు వేరు జిల్లాలైనవి. కొల్లాపురం నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. సభలు తగ్గిపోయినా, సభకు ముందు తర్కించుకునే అలవాటు మాత్రం పోలేదు. ఇప్పుడా తర్కం చాలావరకు ఆటలను గురించి. వృత్తి కబడ్డీ లీగు కొత్త సీజను సమీపించే నాటికి బడి అరుగుల మీద, బస్టాండు పక్క చాయ హోటళ్ళలో, చేని గట్ల మీద ఒకే ప్రశ్న వినిపిస్తుంది: ఈసారి మన తెలుగు టైటాన్స్ ఎంతవరకు పోగలదు?

కబడ్డీ ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చిన ఆట కాదు. మన పెద్దలు దీనిని చెడుగుడు అన్నారు. సంక్రాంతికి, ఉగాదికి, ఊరి జాతరలకు సున్నంతో గీత గీసి పోటీలు పెట్టడం పల్లెలకు అలవాటే. ఆటలోని స్వారస్యం అవధానాన్ని ఎరిగినవారికి సులభంగా బోధపడుతుంది. అష్టావధానంలో అవధాని ఒక్కడు, పృచ్ఛకు లెనమండుగురు. చెడుగుడులో కూతకు పోయినవాడు ఒక్కడు, ఎదుట నిలిచినవారు ఏడుగురు. అవధానికి ధారణ ఎట్లాగో కూతగానికి ఊపిరి అట్లాగు. నేటి లీగులో ఊపిరితో పాటు గడియారం కూడా ఉన్నది. 30 సెకండ్లలో పని ముగించి గీత దాటి రావలెను.

ఐతే పోలిక అక్కడితో ఆగిపోతుంది. అవధానం ఒక్కని విద్య. చెడుగుడు ఒక్కని విద్య కాదు. ఈ ఒక్క భేదాన్ని మరచి, పెద్ద పేరున్న కూతగాణ్ణి చూచి జట్టు భవిష్యత్తును లెక్కగట్టేవారు ఏటేటా పొరబడుతూనే ఉన్నారు. కొత్త సీజనుకు ముందు జట్లను బేరీజు వేయదలచిన విద్యార్థులు గత పన్నెండు సీజనుల చరిత్రను ఒకసారి తిరగవేసి చూడడం మంచిది. ముందుగా ఆట లెక్క, ఆ పిమ్మట జట్ల లెక్క.

ఆట లెక్క ఇట్లా ఉంటుంది. కూతకు పోయి పట్టుబడినవాడు బయట కూర్చోవలెను. అతడు తిరిగి లోపలికి రావలెనంటే అతని జట్టువారు ఎదుటివారిలో ఒకనిని ఔటు చేయవలెను. అదీగాక, ఔటైనవారు ఏ వరుసలో బయటికి పోయినారో ఆ వరుసలోనే లోపలికి వస్తారు. కావున ఎంత గొప్ప కూతగాడైనా పట్టుబడిన మరుక్షణం తన తోటివారి దయమీద ఆధారపడినవాడే. అతని వెనుక మరొక నమ్మదగిన కూతగాడు గాని, ఎదుటివాణ్ణి ఒడిసిపట్టే బలగం గాని లేకపోతే, కోట్లు పోసి కొన్న క్రీడాకారుడు గీత బయట కూర్చుని తన జట్టు కరిగిపోవడాన్ని చూస్తూ ఉండవలసినదే. ఏడుగురూ ఔటైతే ఎదుటివారికి రెండు పాయింట్లు అదనం. మైదానంలో ముగ్గురో అంతకంటె తక్కువమందో మిగిలిన వేళ ఎదుటి కూతగాణ్ణి పట్టుకోగలిగితే మాత్రం ఒక పాయింటుకు బదులు రెండు పాయింట్లు దక్కుతవి. నేటి వ్యాఖ్యాతలు దీనిని సూపర్ ట్యాకిల్ అంటున్నారు. ఓడిపోవలసిన ఆటను తిప్పివేసేది చాలాసార్లు ఈ పట్టే.

గద్వాల చీర నెరిగినవారికి ఈ విషయాన్ని వేరే చెప్పనక్కరలేదు. ఆ చీర ఒడలంతా నూలు, అంచూ కొంగూ పట్టు. చూచేవారి కన్ను ముందుగా పట్టు అంచు మీద పడుతుంది. నేతగాని కన్ను మాత్రం నూలూ పట్టూ కలిసే చోట ఉంటుంది. అక్కడ పోగుకు పోగు మెలివేసి కలుపుతాడు. ఆ కలయిక గట్టిది కాకపోతే అంచు ఎంత మెరిసినా చీర నిలువదు. జట్టును చూచేటప్పుడు కూడా చూడవలసినది ఆ కలిసే చోటే.

ఇక జట్ల లెక్కకు వస్తే, వృత్తి కబడ్డీ లీగు 2014 జులై 26న మొదలైనది. ఆనాడు ఎనిమిది జట్లు. 2017 నుండి పన్నెండు. తెలుగు టైటాన్స్ మొదటి సీజను నుండీ ఉన్న జట్టు. తొలినాళ్ళలో దాని తార రాహుల్ చౌదరి. 2015లో జట్టు సెమీఫైనలుకు చేరి, బెంగుళూరు బుల్స్ చేతిలో 39–38తో, కేవలం ఒక్క పాయింటు తేడాతో, ఓడినది. ఆ యేడు మూడవ స్థానం దక్కినది. 2016లోనూ సెమీఫైనలు చేరినది. ఆ పిమ్మట దిగజారుడు మొదలైనది. 2019లో సిద్ధార్థ్ దేశాయి అనే కూతగాణ్ణి కోటీ 45 లక్షలకు కొన్నారు. ఆ యేటి వేలంలో అదే అత్యధిక ధర. అయినను జట్టు పన్నెండింటిలో పదకొండవది. 2021 డిసెంబరులో మొదలైన ఎనిమిదవ సీజనులో 22 ఆటలకు ఒక్కటి గెలిచినది. 2022లో జరిగిన తొమ్మిదవ సీజనులో రెండు గెలిచినది. రెండుసార్లూ అట్టడుగు స్థానమే.

పదవ సీజనుకు ముందు టైటాన్స్ వేలంలో ఒక సాహసం చేసినది. పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తీసుకున్నది. అంతవరకు ఆ లీగులో ఎవరికీ అంత ధర పలుకలేదు. ఒక జట్టు మొత్తం మీద ఖర్చు పెట్టుకోదగిన పరిమితి ఆనాడు 5 కోట్లు. అనగా సగానికి పైగా సొమ్ము ఒక్కని మీద పెట్టినారు. తక్కిన సగంలోపు సొమ్ముతో మిగిలిన జట్టంతా తీరవలెను. పత్రికలలో అంచనాలు ఆకాశాన్నంటినవి. ఫలితం? పవన్ పాయింట్లకు కొదువ చేయలేదు. జట్టు మాత్రం 22 ఆటలలో మళ్ళీ రెండే గెలిచి, మూడవసారి వరుసగా చివరన నిలిచినది.

దీనికి తోబుట్టువు వంటి ఉదంతం అంతకు ముందటి యేడే జరిగినది. 2022లో తమిళ్ తలైవాస్ ఇదే పవన్‌ను 2 కోట్ల 26 లక్షలకు తీసుకున్నది. మొదటి ఆటలోనే అతని మోకాలికి గాయమై, సీజనంతా దూరమైనాడు. అందరూ ఆ జట్టు పని అయిపోయిందనుకున్నారు. కాని ఆ యేడే తలైవాస్ మొట్టమొదటిసారిగా సెమీఫైనలు చేరినది. తార ఉన్న జట్టు చివరన నిలువడం, తార లేని జట్టు ముందుకు పోవడం రెండేండ్ల లోపల ఒకే క్రీడాకారుని చుట్టూ జరిగినవి. ఇందులో అతని తప్పేమీ లేదు. తప్పు లెక్క వేసినవారిది.

మరికొన్ని ఉదాహరణలు చూడవచ్చు. పాట్నా పైరేట్స్‌కు మూడు వరుస విజయాలు తెచ్చిన కూతగాడు పర్దీప్ నర్వాల్. 2021 వేలంలో యూపీ యోధా అతనిని కోటీ 65 లక్షలకు ఎగరవేసుకొని పోయినది. అతడు లేని పాట్నా ఆ సీజనులోనే ఫైనలు చేరి, దబంగ్ ఢిల్లీ చేతిలో 37–36తో మాత్రమే ఓడినది. అప్పుడు పాట్నాను నిలబెట్టినది పట్టు. 2025 వేలంలో అందరికంటె ఎక్కువ ధర పలికినవాడు ఇరాను దేశస్థుడు మహమ్మద్‌రెజా షాద్లూయి. గుజరాత్ జెయింట్స్ అతనికి 2 కోట్ల 23 లక్షలు పోసినది. అతని తరువాత దేవాంక్ దలాల్‌కు బెంగాల్ వారియర్స్ 2 కోట్ల 20 లక్షల 50 వేలు పోసినది. ఆ సీజనులో పై ఎనిమిది స్థానాలలో గుజరాత్ లేదు, బెంగాల్ లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు, రావలెను కూడా. ఇదే షాద్లూయి అంతకు ముందు 2 కోట్ల 35 లక్షలకు పుణేరి పల్టన్‌లో చేరినప్పుడు ఆ జట్టు 2024 మార్చి 1న కప్పు గెలిచినది గదా? ఆ తరువాత హర్యానా స్టీలర్స్‌లో చేరినప్పుడు ఆ జట్టు 2024 డిసెంబరు 29న గెలిచినది గదా? నిజమే. ధనం వృథా అని ఎవరూ అనలేరు. కాని ఆ రెండు జట్లూ ఎట్టివో చూడవలెను. పుణేరి పల్టన్ అప్పటికి కొన్నేండ్లుగా పిన్న వయస్కులను తన శిక్షణాలయంలో తీర్చిదిద్దుకుంటూ వచ్చినది. అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్ వంటి యువకులు కలిసి ఆడి ఆడి ఒకరి అడుగు ఒకరికి తెలిసినవారు. షాద్లూయి వచ్చి చేరినది కట్టిన ఇంటికి. పైగా అతని ప్రధానబలం కూత కాదు, పట్టు. ఖాళీ స్థలంలో నిలబెట్టిన స్తంభం ఎంత గట్టిదైనా ఇల్లు కాజాలదు.

ఇప్పుడు తిరిగి టైటాన్స్ కథకు రావచ్చు. మూడేండ్ల పరాభవం పిమ్మట 2024లో ఆ జట్టు రెండు పనులు చేసినది. పవన్‌ను కోటీ 72 లక్షల 50 వేలకు తిరిగి తెచ్చుకున్నది. అంతకంటె ముఖ్యంగా, ఎనిమిదవ సీజనులో దబంగ్ ఢిల్లీని విజేతను చేసిన కృషన్ కుమార్ హుడాను శిక్షకునిగా తీసుకున్నది. అక్టోబరు 18న హైదరాబాదు గచ్చిబౌలిలో బెంగుళూరు బుల్స్ మీద 37–29 విజయంతో సీజను మొదలైనది. నడుమ పవన్ గాయపడినాడు. వెనుకటి సీజనుల జట్టైతే అక్కడితో కూలిపోయి ఉండేది. ఈసారి విజయ్ మలిక్ బాధ్యతను భుజాన వేసుకున్నాడు. కూతకు పోవడం, అవసరమైతే పట్టుకు దిగడం, రెండూ వచ్చినవాడు. జట్టు 22 ఆటలలో 12 గెలిచి ఏడవ స్థానానికి ఎక్కినది. పై ఆరింటిలో చేరలేకపోయినా, గడచిన మూడు సీజనులూ కలిపి గెలిచినవి ఐదే యని గుర్తు చేసుకుంటే ఆ పన్నెండు విలువ తెలుస్తుంది.

2025 వేలంలో జట్టు ఇంకొక అడుగు వేసినది. పవన్‌ను వదులుకున్నది. విజయ్ మలిక్‌ను 51 లక్షల 50 వేలకు నిలుపుకొని నాయకుణ్ణి చేసినది. భరత్ హుడాను 81 లక్షలకు తెచ్చుకున్నది. ఇతడూ కూతా పట్టూ రెండూ ఎరిగినవాడే. లెక్కల మాస్టారు తరగతిలో ఈ లెక్క వేయించవచ్చు. ఇద్దరికీ కలిపి కోటీ 32 లక్షల 50 వేలు. పదవ సీజనులో ఒక్క పవన్‌కు ఇచ్చినదానిలో దాదాపు సగం.

ఆ సీజను ఆగస్టు 29న విశాఖపట్నంలో మొదలైనది. మొదటి ఆట తమిళ్ తలైవాస్ మీద. ఎదుటి చొక్కాలో నిన్నటి నాయకుడు పవన్. టైటాన్స్ 38–35తో ఓడినది. మొదటి ఆట చూచి తీర్పు చెప్పే అలవాటున్నవారు వెంటనే పెదవి విరిచి ఉంటారు. కాని జట్టు 18 లీగు ఆటలలో 10 గెలిచి నాలుగవ స్థానంలో నిలిచినది. ఆపై బెంగుళూరును 37–32తో, పాట్నాను 46–39తో దాటి, ఫైనలుకు ఒక్క మెట్టు దిగువన పుణేరి పల్టన్ చేతిలో 50–45తో ఓడినది. ఆ మీదట అక్టోబరు 31న దబంగ్ ఢిల్లీ పుణేరిని 31–28తో ఓడించి కప్పు తీసుకున్నది. 2016 పిమ్మట టైటాన్స్ ఇంత దూరం పోవడం అదే మొదటిసారి. పట్టు అంచు మార్చినందున కాదు, నేత గట్టిపడినందున ఇది జరిగినది.

ఈ చరిత్రను బట్టి ఏ కొత్త సీజనుకు ముందైనా జట్టును అంచనా కట్టేవారు వేసుకోదగిన ప్రశ్నలు నాలుగు కనిపిస్తున్నవి.

మొదటిది: రెండు మూలలా నిలిచేవారెవరు? కూతగాడు ఏ పక్కకు ఒరిగినా మూలవాని చేతికి చిక్కక తప్పదు. కాలు పట్టడానికి వంగేది అతడే, గొలుసుగా చేతులు కలిపినవారికి సైగ చేసేది అతడే. గత సీజనులో ఉన్న మూలవారిద్దరూ ఈసారీ ఉన్నారంటే అది శుభసూచకం. రెండవది: మొదటి కూతగాడు బయట కూర్చున్నప్పుడు ఎవరు పోతారు? వరుసగా రెండు కూతలు ఫలం లేకపోతే మూడవ కూతలో పాయింటు తేవలెను, లేకపోతే కూతగాడే ఔటు. ఈ మూడవ కూతకు పోగలవాడు జట్టులో ఇద్దరైనా ఉండవలెను. మూడవది: శిక్షకుడూ జట్టూ ఎన్నాళ్ళుగా కలిసి ఉన్నారు? వేలం ఒక్క రోజులో పదిమందిని తెచ్చిపెడుతుంది. ఆ పదిమందీ ఒక్క మాటలేకుండా ఒక్కసారి ముందుకు దూకడానికి నెలలు పడుతుంది. నాలుగవది: గాయం తగిలితే? రెండు నెలలకు పైగా సాగే పోటీలో ఏడుగురే చివరిదాకా ఆడడం అరుదు. కావున బెంచీ మీద ఎవరున్నారో చూడని అంచనా సగం అంచనాయే.

పేరూ ధరా ఈ ప్రశ్నలలో లేవని గమనించవచ్చు. ఉండకూడదని కాదు. అవి అందరికీ ముందే తెలుసు. తెలిసినదానిని తిరిగి చెప్పడం అంచనా కాదు.

ఈ సంగతి కబడ్డీకే పరిమితం కాదు. అమెరికాలో బేస్‌బాలు అనే ఆట ఉన్నది. బంతి విసరేవాడొకడు, దుడ్డుకర్రతో కొట్టేవాడొకడు, మైదానమంతా కాచేవారు. ఏటా ఫిబ్రవరిలో జట్లు శిక్షణకు చేరగానే అక్కడి పత్రికలు ముప్పయి జట్ల భవిష్యత్తును పేజీలకు పేజీలు రాస్తవి. సీజనులో ఒక్కొక్క జట్టు 162 ఆటలు ఆడుతుంది. 2002లో ఓక్లాండ్ జట్టు తన పెద్ద తారలను ధనిక జట్లకు పోగొట్టుకున్నది. ఆ యేడు న్యూయార్కు యాంకీస్ జీతాలకు దాదాపు 12 కోట్ల 50 లక్షల డాలర్లు ఖర్చు పెడితే, ఓక్లాండ్ ఖర్చు దాదాపు 4 కోట్లు. ఐనా ఓక్లాండ్ వరుసగా 20 ఆటలు గెలిచి, మొత్తం 103 విజయాలు సాధించినది. యాంకీస్ గెలిచినవీ 103. ఓక్లాండ్ వారు చేసిన పని ఒక్కటే. అందరూ మెచ్చే గుణాలను వదలి, ఆటను నిజంగా గెలిపించే గుణాలేవో లెక్కించి, అవి ఉన్నవారిని తక్కువ ధరకు వెతికిపట్టినారు. ఆ కథ మరుసటి యేడు గ్రంథమైనది, తరువాత చలనచిత్రమూ అయినది. ఇటు మన కబడ్డీలో అదే పాఠాన్ని ఇరాను నేర్పినది. 2018 ఆసియా క్రీడలలో, అంతవరకు ఆ క్రీడలలో బంగారం చేజారనీయని మన పురుషుల జట్టును సెమీఫైనలులో 27–18తో ఓడించినది పట్టు బలంతోనే.

ఐతే ఈ లెక్కలన్నింటి వెనుక నాగర్‌కర్నూలు బడి పిల్లవాడు అడగదగిన ప్రశ్న ఒకటి మిగిలి ఉన్నది. తెలుగు టైటాన్స్‌కు పేరు తెచ్చిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్‌వాడు. సిద్ధార్థ్ దేశాయి మహారాష్ట్రవాడు. పవన్ ఢిల్లీవాడు. విజయ్ మలిక్, భరత్ హుడాలది హర్యానా. అందరూ మనవారే, అందరినీ మన పల్లెలు ప్రేమతోనే చూచినవి. కాని జట్టు పేరులోని తెలుగు నేల తన బిడ్డను ఎప్పుడు ముందు వరుసలో నిలుపుతుంది? హర్యానా పిల్లవానికీ పాలమూరు పిల్లవానికీ ఊపిరిలో భేదం లేదు. ఎరువూ నీరూ అందిన తీరులోనే భేదం ఉన్నది.

ఆ భేదాన్ని మాస్టార్లు దినదినం చూస్తున్నారు. లీగు ఆట చాప మీద జరుగుతుంది. పల్లె ఆట మట్టి మీద జరుగుతుంది. మట్టి మీద కాలు జారుతుంది, చాప మీద బూటు పట్టుకుంటుంది. మట్టిలో నేర్చిన దూకుడు చాప మీద కొంత మార్చుకోవలెను. చాప మొగమే చూడని పిల్లవాడు ఎంపిక పోటీలకు పోయి మొదటి గంటలోనే తడబడితే, అది అతని శక్తికి కొలత కాదు. ఇంతకంటె బరువైనది మరొకటి ఉన్నది. గద్వాల ప్రాంతం సంకర పత్తి విత్తనాలకు పేరుపడినది. పూవు పూవుకూ చేతితో పుప్పొడి అంటించే పని అది. చేతులెన్ని ఉన్నా చాలవు. ఆ పనికి చిన్న చేతులు పోయి బడి మానిన కథలు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. పనికోసం తలిదండ్రులు దూరపు పట్టణాలకు వలసపోతే వెంట పోయిన పిల్లల కథలూ కొత్తవి కావు. 2025లో లీగు జరిగిన ఆగస్టు చివరి నుండి అక్టోబరు చివరివరకు గల రోజులు, పత్తిచేలలో పని ముమ్మరంగా ఉండే రోజులే. రాత్రి తెరమీద కూతను చూచి ఉప్పొంగిన పిల్లవాడు మరునాటి ఉదయం బడిలో ఉన్నాడా, చేనిలో ఉన్నాడా అన్నది ఏ వేలంకంటెను పెద్ద విషయం.

బడిలో ఉన్నవానికి దారి లేకపోలేదు. పాఠశాలల పోటీలు 14, 17, 19 ఏండ్లలోపు వారికి వేరు వేరుగా మండలం నుండి జిల్లాకు, జిల్లా నుండి రాష్ట్రానికి సాగుతవి. వృత్తి లీగులో కూడా కొత్త యువకులను వెతికి చేర్చుకునే పద్ధతి ఉన్నది. ఆడపిల్లలకు కూడా ఈ ఆట దూరం కాదు. 2023 ఆసియా క్రీడలలో మన దేశపు నూరవ పతకం మహిళల కబడ్డీ జట్టు తెచ్చిన బంగారమే. చైనీస్ తైపీ మీద 26–25, ఒక్క పాయింటు తేడా. ఆ ఒక్క పాయింటు ఏ కూతలో వచ్చినదో, ఏ పట్టులో వచ్చినదో ఎవరు చెప్పగలరు? ఏడుగురిలో ఏ ఒక్కరు లేకపోయినా అది రాకపోయి ఉండేది.

కావున పెద్ద లీగు ఏ మాసంలో మొదలైనా, ఈ మూడు జిల్లాలకు అసలు సీజను జూనులో బడి తెరిచిన రోజున మొదలవుతుంది. వ్యాయామోపాధ్యాయుడు మైదానం మూల సున్నపు డబ్బా తీసి గీతలు గీస్తాడు. నిరుటి జట్టులో ఇద్దరు పదవ తరగతి ముగించి పోయినారు, ఒకడు తండ్రితో వలసపోయినాడు. మిగిలినవారిని నిలబెట్టి లెక్క చూసుకుంటాడు. ఎడమ మూలకు ఎవరు, కుడి మూలకు ఎవరు, మొదటి కూతగాడు ఔటైతే రెండవవాడెవడు, గాయమైతే బెంచీ మీద ఎవరు? ప్రశ్నలు పెద్ద లీగుకు వేసినవే. ఆయనకు వేలం లేదు, కోట్లు లేవు. వలసపోయిన పిల్లవాని ఇంటికి ఒకసారి పోయి, వాణ్ణి తాత దగ్గరనైనా ఉంచి బడికి పంపుమని నచ్చజెప్పడమే ఆయన చేయగల కొనుగోలు. ఆ పిల్లవాడు తిరిగి వచ్చి గీత లోపల నిలిచినాడంటే, ఆ బడి జట్టుకు ఆ యేడు మంచి రోజులున్నవని ధైర్యంగా చెప్పవచ్చు.